మోటారుకారు బ్యాటరీని మార్చుట

మోటారుకారునకు ప్రాణము ఇంజనులో నున్నదని సామాన్యముగా తలంతురు. కాని ఒకనాటి యుదయమున తాళపుచెవి త్రిప్పినప్పుడు ఇంజను కదలక, టిక్కుటిక్కుమను చప్పుడు మాత్రమే వినవచ్చినచో, ఆ ప్రాణము మరియొకచోట నున్నదని తెలియును. అనేక కార్లలో అది బానెట్ క్రింద ఒక మూల నొదిగియుండు పెట్టె. దానినే బ్యాటరీ యందురు. దానిని మార్చుటకు గొప్ప పనితనము అక్కరలేదు. ఒకటి రెండు స్పానర్లును, అరగంట కాలమును చాలును. అయితే ఏ పని ముందు, ఏ పని వెనుక అను క్రమమును మాత్రము తప్పరాదు. ఆ క్రమమునకు గల కారణములను తెలిసికొనుటయే మనకు ముఖ్యము.

పూర్వము కార్లకు ఈ చిక్కు లేదు, వేరొక చిక్కుండెడిది. ముందువైపున ఇనుపకడ్డీని దూర్చి చేతితో బలముగా త్రిప్పినగాని ఇంజను మేల్కొనెడిది కాదు. ఒక్కొక్కప్పుడు ఇంజను ఎదురుతన్ని, కడ్డీ గిఱ్ఱున వెనుకకు తిరిగి, త్రిప్పువాని మణికట్టు విరుగుచుండెను. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ అను ఇంజనీరు విద్యుచ్ఛక్తితో ఇంజనును త్రిప్పు సాధనమును సిద్ధముచేయగా, 1912 సంవత్సరపు కాడిలాక్ కార్లలో దాని నమర్చిరి. క్రమముగా అది కార్లన్నిటికిని వ్యాపించినది. ఆ సాధనమునకు శక్తి నిచ్చు సీసపు బ్యాటరీ అంతకు అర్ధశతాబ్దికి పూర్వమే, 1859లో, ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే చేత కనిపెట్టబడినది. కారులో ఎన్నియో భాగములు మారినవి గాని, ఈ సీసపు పెట్టె మూలసూత్రము నేటికిని మారలేదు.

పెట్టెలో ఆరు గదులుండును. ఒక్కొక్క గదిలో సీసపు పలకలును, సీసపు డయాక్సైడు పూసిన పలకలును ఒకదాని ప్రక్క నొకటిగా నిలిచియుండును. వాని నడుమ నీటితో కలిపిన గంధకామ్లము ఉండును. ఒక గది నుండి రమారమి 2.1 వోల్టుల చొప్పున, ఆరు గదులు కలిసి 12.6 వోల్టుల నిచ్చును. విద్యుత్తును వాడుకొనుకొలది రెండు విధముల పలకలును సీసపు సల్ఫేటుగా మారుచు, ఆమ్లము పలుచనగుచుండును. ఇంజను నడచునప్పుడు ఆల్టర్నేటరు అను యంత్రము సుమారు 14 వోల్టులతో విద్యుత్తును వెనుకకు పంపి, ఆ మార్పును త్రిప్పివేయును. ఇట్లు పోవుట, వచ్చుట కొన్ని వేలసార్లు జరిగిన పిమ్మట పలకలు శిథిలమగును. ఎండ ఈ శైథిల్యమును త్వరపెట్టును. చలిదేశములవారు బ్యాటరీ చలికి చెడునని చెప్పుదురు గాని, నిజమునకు దానిని లోలోపల తినివేయునది వేడిమియే. రామగుండము, రెంటచింతల వంటి తావులలో వేసవి గడపిన బ్యాటరీ మూడు నాలుగేండ్లకే అలసిపోయిన నాశ్చర్యము లేదు.

కారు కదలనంతమాత్రమున బ్యాటరీ చచ్చినదని తీర్మానింపరాదు. పైనున్న రెండు సీసపు మొనలను టెర్మినళ్లందురు. వానిచుట్టును తెల్లగా గాని, పచ్చగా గాని పొడి పేరుకొనినచో విద్యుత్తు ప్రవహింపలేదు. క్లాంపు వదులైనను అంతియే. ముందుగా దానిని పరీక్షింపవలెను. కారు కొన్ని గంటలు ఊరకయున్న పిమ్మట వోల్టుమీటరుతో కొలిచి చూడగా 12.6 వోల్టుల దరిదాపున నున్నచో బ్యాటరీలో శక్తి నిండుగా నున్నట్లు లెక్క. 12కు దిగినచో దాదాపు వట్టిపోయినట్లే. నిండుగ చార్జి చేసినను మరునాటికే మరల పడిపోవుచున్నచో, కారులో ఏ దీపమో వెలుగుచు విద్యుత్తును త్రాగుట లేదని చూచుకొని, అప్పుడు క్రొత్తదానిని గూర్చి యాలోచింపవచ్చును. చెడనిదానిని పారవేసి డబ్బు పోగొట్టుకొనిన వారు మన ఊళ్లలో తక్కువమంది కారు.

క్రొత్త బ్యాటరీ పాతదాని కొలతలతో సరిపోవలెను. ధన ధ్రువము కుడివైపున నున్నదో, ఎడమవైపున నున్నదో చూడవలెను; లేకున్న తీగలు అందవు. కూడలులలో కారు ఆగినప్పుడు ఇంజనును తనంతట ఆర్పి, మరల నడపించు కార్లు నేడు కలవు. వానికి ఏ.జి.ఎం., ఇ.ఎఫ్.బి. అను విశేషజాతుల బ్యాటరీలు వలయును. సామాన్యమైనది పెట్టినచో త్వరలో చెడిపోవును.

ఇక పనికి దిగుదము. కారును గాలి తగులుచోట నిలిపి, ఇంజను నార్పి, తాళపుచెవిని జేబులో నుంచుకొనవలెను. దానిని కారులోపల విడువరాదు. విద్యుత్తు పోయి వచ్చునప్పుడు తలుపులు తమంత తాము తాళము పడవచ్చును. బ్యాటరీ డిక్కీలో నున్న కారైనచో, పని ముగియువరకు డిక్కీని మూయనేకూడదు. నేటి కారులో చిన్న కంప్యూటర్లు అనేకము కలవు. ఇంజను ఆగిన తరువాతను అవి కొంతసేపు మేలుకొనియుండును. పదినిమిషములు వానిని నిద్రపోనిచ్చి, పిమ్మట స్పానరు పట్టవలెను. చేతి ఉంగరమును, గడియారమును తీసివేయవలెను. కంటికి అద్దములును, చేతులకు తొడుగులును ఉండుట మేలు. దగ్గర నిప్పు, చుట్ట, బీడీ పనికిరావు. చార్జి యగునప్పుడు బ్యాటరీనుండి వెలువడు ఉదజని వాయువు నిప్పురవ్వకే ప్రేలును.

మొదట విప్పవలసినది ఋణ ధ్రువము. దీనిని కొందరు మూఢాచారమువలె పాటింతురు; కారణమడిగిన చెప్పలేరు. కారు ఇనుపదేహమంతయు ఋణ ధ్రువముతో కలుపబడియున్నది. ధన ధ్రువపు మరను ముందుగా విప్పునప్పుడు స్పానరు రెండవకొన ఇనుపభాగమున కెక్కడ తగిలినను, విద్యుత్తు ఆ స్పానరుగుండనే పరుగెత్తును. 12 వోల్టులు మనుష్యుని దేహమునకు సామాన్యముగా షాకు కొట్టవు. కాని అట్టి సమయమున వందల ఆంపియరులు ప్రవహించి ఇనుము ఎఱ్ఱగా కాలును. నేనెరిగిన యొక లారీ డ్రైవరునకు ఇట్లే స్పానరునకును ఇనుమునకును నడుమ ఉంగరము చిక్కి, రెప్పపాటులో వ్రేలిచుట్టును చర్మము కాలిపోయినది. ఋణ ధ్రువమును ముందే విప్పి ప్రక్కకు త్రోసియుంచినచో, ఆ తరువాత స్పానరు కారు ఇనుమునకు తగిలినను దారి పూర్తికాదు. తిరిగి బిగించునప్పుడు ధన ధ్రువము ముందు, ఋణ ధ్రువము చివర. హేతువు అదే.

రెండు తీగలు విప్పిన పిదప, అడుగున బిగించియుంచిన పట్టీని తీసి బ్యాటరీని నిటారుగా పైకెత్తవలెను. అది పది పదునైదు కిలోలు తూగును. ఒరిగిన ఆమ్లము కారవచ్చును. చర్మముపై పడినచో ధారాళముగా నీటితో కడుగవలెను. కంటిలో పడినచో చాలసేపు కడిగి, వెంటనే వైద్యునియొద్దకు పోవలెను. క్లాంపులపైని పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి, క్రొత్తదానిని కదలకుండ పట్టీతో బిగింపవలెను. పట్టీని నిర్లక్ష్యము చేయువారు కలరు. కుదుపులకు పలకలు విరుగును. టెర్మినళ్లపై వాసెలిన్ పూయుట మంచిది. సుత్తితో కొట్టి క్లాంపును దింపరాదు.

క్రొత్త బ్యాటరీ పెట్టిన వెంటనే గడియారము తప్పు చూపును. కిటికీ అద్దములు తమంత మూసికొనుట మరచును. ఇవి చిన్న విషయములు. కొన్ని కార్లలో క్రొత్త బ్యాటరీ వచ్చినదని కంప్యూటరునకు తెలుపనిచో, అది పాత ముసలిదానికి వలెనే దీనికిని చార్జి పెట్టుచు చెరుపును. కారుతోబాటు వచ్చిన పుస్తకమున ఈ సంగతి చూచుకొనవలెను. విద్యుత్తుతో నడచు కార్లలోను, హైబ్రిడ్ కార్లలోను నారింజరంగు తొడుగుగల తీగలు కనబడును. వానిలో వందల వోల్టులుండును. ఇంటిలో ఎవరును వానిని తాకరాదు.

పాత బ్యాటరీ మాట మిగిలినది. అందులోని సీసము కరగించి మరల మరల వాడదగినది. అందుచేతనే దుకాణదారు దానిని పుచ్చుకొని క్రొత్తదాని ధరలో కొంత తగ్గించును. మన దేశమున 2022లో వచ్చిన నిబంధనల ప్రకారము దానిని ఇంటిచెత్తతో కలుపరాదు. వీధిలో పాతసామాను కొనువాని కిచ్చినచో, అది ఏ పెరటిలోనో పగులగొట్టబడి, ఆమ్లము నేలపాలగును. సీసపు ధూళి చుట్టుప్రక్కల పిల్లల చేతులకు, అన్నమునకు అంటును. సెనెగల్ దేశమున డాకర్ నగర సమీపమందలి తియారాయ్ అను చోట, పాత బ్యాటరీల సీసము కలిసిన మట్టిని జల్లించి, కొందరు ఇండ్లకు మోసికొనిపోయిరి. 2007 నవంబరునకును 2008 మార్చికిని నడుమ అక్కడ 18 మంది పసిపిల్లలు మరణించిరి. పిల్లల రక్తములో ఇంతవరకు సీసము ఉండవచ్చునని చెప్పదగిన నిరపాయమైన హద్దు ఏదియు లేదు. కనుక పాత పెట్టెను నిటారుగనే నిలిపి, క్రొత్తదానిని కొన్న దుకాణమునకే చేర్చి, రసీదు వ్రాయించుకొనవలెను.