కానుక ఎటు పోతోంది?

స్వస్థత సభలు, ప్రవచనాలు, లైవ్ ఆరాధనలు, తెర కింద క్యూఆర్ కోడ్... దేవుడి పేరు చెప్పేవాళ్లకు కొదవ లేదు. వాళ్లలో అసలు బోధకుడెవరు, వేషగాడెవరు? ఈ ప్రశ్న కొత్తది కాదు. తొలినాళ్ల క్రైస్తవులూ దీంతో సతమతమయ్యారు, జవాబు కూడా రాసిపెట్టుకున్నారు.

1986 నాటి మాట. అమెరికాలో పీటర్ పాపాఫ్ సభలంటే జనం విరగబడి వచ్చేవారు. ముక్కూమొహం తెలియని మనిషి ముందు నిలబడి పేరు, ఇంటి చిరునామా, ఒంట్లో ఉన్న జబ్బు గడగడా చెప్పేసేవాడాయన. దేవుడే చెబుతున్నాడని జనం చేతులెత్తి ఏడ్చేవారు. జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడికి మాత్రం అనుమానం వచ్చింది. దేవుడు మాట్లాడుతుంటే పాపాఫ్ చెవిలో ఆ చిన్న పరికరం ఎందుకు? రాండీ బృందం రేడియో స్కానర్‌తో వెతికితే 39.17 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ 'దైవస్వరం' దొరికింది. అది పాపాఫ్ భార్య గొంతు! సభకు ముందు జనం నింపిచ్చిన ప్రార్థన కార్డుల్లోని వివరాలను ఆమె తెరచాటు నుంచి చదివి వినిపిస్తోంది.

ఆ గొంతు రికార్డు చేసిన టేపులు టీవీలో వచ్చాక, 1987లో పాపాఫ్ దివాలా తీశాడు. కథ అక్కడితో ముగియలేదు. కొన్నేళ్లకు మళ్లీ టీవీకెక్కాడు, ఈసారి 'అద్భుత జలం' ప్యాకెట్లతో. గుట్టు రట్టయినా గిరాకీ తగ్గలేదంటే, మోసగాణ్ని పట్టుకుంటే సరిపోదని అర్థం. పరీక్షించి చూసే అలవాటు వినేవాళ్లకే ఉండాలి.

మూడో రోజూ ఉంటే...

తొలి క్రైస్తవ సంఘాలకు ఆ అలవాటు ఉండేది. వాళ్లు రాసుకున్న 'దిడాఖే' అనే చిన్న పుస్తకం తాలూకు ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడింది. ఊరూరా తిరిగే ప్రవక్తలను ఎలా చూడాలో అందులో కుండబద్దలు కొట్టినట్టు ఉంటుంది. వచ్చినవాడికి ఆదరంగా ఒకరోజు ఆతిథ్యమివ్వండి, అవసరమైతే రెండు రోజులు. మూడో రోజూ ఉండిపోతే వాడు అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు దారికి సరిపడా రొట్టె ఇవ్వండి, డబ్బు అడిగితే వాడు అబద్ధ ప్రవక్త. ఆత్మావేశంలో ఉన్నానంటూ తనకోసం డబ్బడిగితే వినొద్దు, లేనివాళ్ల కోసం అడిగితే మాత్రం తప్పుపట్టొద్దు. చెప్పింది తాను చేయనివాడు, ఎంత సత్యం చెప్పినా సరే, నమ్మదగినవాడు కాడు.

ఇందులో అద్భుతాల ఊసే లేదు. మత్తయి సువార్త ఏడో అధ్యాయంలో యేసు చెప్పిందీ ఇదే: చెట్టును పండ్లను బట్టి పోల్చుకోవాలి. తన పేరిట ప్రవచించి, దయ్యాలను వెళ్లగొట్టి, అద్భుతాలు చేశామని చెప్పుకునేవాళ్లతో కూడా 'మీరెవరో నాకు తెలియదు' అంటానని ఆయన అక్కడే హెచ్చరించాడు.

అలాగని పాస్టరుకు జీతమే ఉండకూడదని కాదు. పనివాడు కూలికి తగినవాడని సువార్తే ఒప్పుకుంటుంది. చాలీచాలని కానుకలతో నెట్టుకొస్తూ, అర్ధరాత్రి ఎవరింట్లో చావు జరిగినా వెళ్లి కూర్చునే పాస్టర్లు మన పల్లెల్లో ఎందరో. ప్రార్థన నూనె సీసాకు ఒక రేటు, ఇంటికొచ్చి ప్రార్థన చేస్తే మరో రేటు పెట్టే చోటే అనుమానించాలి.

మాత్రలు మానేయమంటే

అంతకన్నా ప్రమాదకరమైన మాట ఒకటుంది: 'విశ్వాసముంటే మందులెందుకు?' షుగరు రోగి ఇన్సులిన్ ఆపితే ప్రాణం మీదికొస్తుంది. జబ్బు తగ్గకపోతే నింద బోధకుడి మీద పడదు, 'నీ విశ్వాసం చాల్లేదు' అంటూ రోగి మీదే పడుతుంది. బైబిలు అలా అనదు. పౌలు తన సహచరుడు త్రోఫిమును జబ్బుతో ఉండగానే మిలేతులో విడిచి రావాల్సి వచ్చింది. తిమోతి కడుపు జబ్బుకు ఆయన చెప్పింది కొంచెం ద్రాక్షారసం. ఆయన వెంట ఉన్న లూకా వైద్యుడు.

గుండ్లకమ్మ ఒడ్డున

అసలు బోధకుడు ఎలా ఉంటాడో చూడాలంటే ఒంగోలు చరిత్ర తిరగేయాలి. 1876-78 కరువులో జనం ఆకలితో అల్లాడుతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. ఆ రోజుల్లోనే బాప్తిస్మం ఇవ్వమని గుంపులు గుంపులుగా వచ్చి అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని, సాయం పంపిణీ ముగిసేదాకా ఆగమన్నారు. ఇక పంచడానికి ఏమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనిషి నిస్సహాయుడై చేతికి చిక్కినప్పుడు వాడుకోకపోవడం, బోధకుణ్ని తూచడానికి ఇంతకన్నా పెద్ద తూకం లేదు.

హైదరాబాద్‌లో హెబ్రోను సంఘాన్ని స్థాపించిన భక్తసింగ్ కూడా జీతం తీసుకోకుండా, డబ్బు కోసం ఎవరినీ అర్థించకుండానే పరిచర్య సాగించారు.

పరిశుద్ధత అమ్మకానికి లేదు

వేషగాళ్లకు ఇంత గిరాకీ ఎందుకంటే, మనకు దగ్గరిదారి కావాలి కాబట్టి. ప్రశాంతత కావాలి, అన్నదమ్ముల గొడవ మాత్రం తీర్చుకోం. యేసు చెప్పింది దీనికి సరిగ్గా ఎదురు. బలిపీఠం ముందు కానుకతో నిలబడ్డప్పుడు సోదరుడికి నీ మీద కోపముందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి రాజీపడమన్నాడు. యెరికో సుంకరి జక్కయ్య, సగం ఆస్తి బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని అన్నాకే, ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట యేసు నోట వచ్చింది. జక్కయ్య సొమ్ము వెళ్లింది యేసు చేతికి కాదు, బీదలకూ బాధితులకూ.

తమ్ముడి వాటా నొక్కేసినవాడికి నిద్ర పట్టకపోతే చేయాల్సిన పని ఒక్కటే, ఆ పొలం తిరిగి రాసివ్వడం. ఆ మాట మొహం మీద చెప్పగలిగినవాడే బోధకుడు. 'నాకు కానుక పంపు, శాంతి నేనిప్పిస్తా' అనేవాడి దగ్గర ఆ నిద్ర దొరకదు.