ఎముక అతికినా చేయి లేవదేమి?

తాటిచెట్టుపై నుండి పడిన గీత కార్మికునికి దండ ఎముక విరుగుట పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెలలో తెలియని సంగతి కాదు. ఇట్టి ప్రమాదాలను తగ్గించుటకే రాష్ట్ర ప్రభుత్వం 2024లో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేర భద్రతా సామగ్రిని ఇవ్వనారంభించింది. కట్టు కడితే ఎముక అతుకుతుంది. కాని కొందరికి మణికట్టు వ్రేలాడిపోతుంది. “నరం పట్టింది, మంచి తైలం ఇవ్వండి” అని వారిని మా వద్దకు తెస్తారు. లోపమెక్కడో తెలియక తైలమిచ్చుట న్యాయం కాదు.

మనవారు రక్తనాళాన్నీ నరమే అంటారు. ఇక్కడ చెప్పునది స్పర్శను, కదలికను నడిపే నరం. మెడలో వెన్నుపాము నుండి వెలువడిన ఐదు నరమూలాలు చంక వరకు అల్లుకొని చేతికి శాఖలవుతాయి. వాటిలో ఒకటి దండ ఎముక వెనుకగా, దానినంటి చుట్టివస్తుంది. మణికట్టును పైకెత్తే కండరాలకు ఆజ్ఞ తెచ్చేది అదే. కనుకనే ఎముకతోపాటు దానికీ దెబ్బ తగులుతుంది.

ఈ దెబ్బ మూడు విధాలు. నరం పైపొర మాత్రమే నలిగితే కొన్ని వారాలలో, మహా అయితే రెండు మూడు నెలలలో కోలుకుంటుంది. లోపలి తంతువులు తెగి, తొడుగు నిలిచివుంటే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతాయి. 10 సెంటీమీటర్ల దూరానికి మూడు నెలలకు పైగా పడుతుంది. నరం పూర్తిగా తెగితే శస్త్రచికిత్సయే శరణ్యం. ఏ తైలమూ దానిని అతికించలేదు.

ఏ విధమో తేల్చుటకు విద్యుత్ పరీక్షలున్నవి. చర్మంపై స్వల్ప విద్యుత్తు తాకించి నరం ప్రసారాన్ని కొలుస్తారు; సన్నని సూదితో కండరం స్పందనను చూస్తారు. తెగిన నరంలోనూ దెబ్బకు దిగువభాగం దాదాపు వారం రోజులు విద్యుత్తును మోస్తుంది. సూది పరీక్షలో మార్పులు రెండు మూడు వారాలకు గాని కనబడవు. అందుచేతనే సాధారణంగా మూడు వారాల తరువాత పరీక్షిస్తారు. కత్తిగాయమైతే మాత్రం ఎదురుచూడక వెంటనే శస్త్రవైద్యుని చేరవలె.

కట్టు వదులైతే అతుకు నిలువదనీ, బిగువైతే వాపు, నొప్పి, పాకం కలుగుననీ సుశ్రుతుడు హెచ్చరించినాడు. కట్టు తరువాత నొప్పి నిమిషనిమిషానికి పెరిగినా, వ్రేళ్లు చల్లబడి తిమ్మిరెక్కినా వెంటనే కట్టు వదులు చేసి ఆసుపత్రికి తీసుకుపొండి. తెల్లవారనిమ్మని ఆగవద్దు.

నరం కోలుకొనువరకు మణికట్టును పైకి నిలిపే ఆధారం ధరించి, వ్రేళ్లను రెండవ చేతితో దినమూ కదిలించవలె. స్పర్శ లేనిచోట వేడి కాపడం పెట్టరాదు. చర్మం కాలినా తెలియదు. ఎముక గట్టిపడిన పిమ్మట వైద్యుని అనుమతితో మృదువైన అభ్యంగనం చేయవచ్చును. నెలలు గడిచినా కదలిక రాకుంటే మరల చూపించుకొనవలె. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే మరల శక్తి పుంజుకొనుట కష్టం. ఆ గడువు లోపలనే మేలుకొనుట మంచిది.