భోగాపురం ఎయిర్‌పోర్టు: వినిపించే మాటలు, అసలు లెక్కలు

విజయనగరం జిల్లా భోగాపురం దగ్గర అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయం కడదామన్న మాట పుట్టినప్పటి నుంచి ఉత్తరాంధ్రలో దాని గురించి చర్చ జరగని టీ కొట్టు లేదు. ఆ చర్చలో నిజమెంతో, ఊహ అంత. ఆ ఊహలను నమ్మే కొందరు ఉన్న భూమి అమ్ముకున్నారు, కొందరు అప్పు చేసి స్థలాలు కొన్నారు. కాబట్టి తరచూ వినబడే మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూడాల్సిందే.

అపోహ: శంకుస్థాపన అయిందంటే పని మొదలైనట్టే.

భోగాపురానికి శంకుస్థాపన రెండుసార్లు జరిగింది. 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు నాయుడు చేశారు, 2023 మే 3న జగన్మోహన్ రెడ్డి చేశారు. అంతకుముందు ఒకసారి టెండరు రద్దయి, మళ్లీ పిలిస్తే జీఎంఆర్ సంస్థకు దక్కింది. ఒప్పంద పత్రాల మీద సంతకాలు 2020 జూన్‌లో పడ్డాయి. స్థల అనుమతి, సూత్రప్రాయ ఆమోదం, పర్యావరణ అనుమతి, రక్షణ శాఖ సమ్మతి, భూసేకరణ, కోర్టు కేసులు, బ్యాంకు రుణాలు... ఇవన్నీ దాటాకే కాంక్రీటు. హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయానిదీ ఇదే దారి. అక్కడ 2005 మార్చిలో పునాదిరాయి వేసి 2008 మార్చిలో విమానాలు దింపారు. మూడేళ్లలో కట్టేశారని అందరూ మెచ్చుకున్నారు. దాని ఆలోచన మాత్రం 1990ల నాటిది. అంటే కట్టడానికి పట్టిన కాలం కన్నా కాగితాలకు పట్టిన కాలమే ఎక్కువ.

అపోహ: విశాఖలో ఉన్నదాన్నే పెంచుకుంటే సరిపోయేది.

విశాఖ రన్‌వే మనది కాదు, నౌకాదళానిది. ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఒక పక్కన పౌర టెర్మినల్ నడుస్తోంది. నేవీ శిక్షణ వేళల్లో ప్రయాణికుల విమానాలు ఆగాలి. దగ్గర్లోనే కొండలున్నాయి. ఖర్చు తగ్గుతుందన్న వాదన న్యాయమైనదే. కానీ టెర్మినల్‌ను ఎంత పెంచినా అది ఇంకొకరి రన్‌వే మీదే ఆధారపడుతుంది.

అపోహ: ఒక రన్‌వేకి రెండు వేల ఎకరాలు దేనికి? ఇదంతా రియల్ ఎస్టేట్ కోసమే.

ఈ అనుమానం గాలిలోంచి పుట్టలేదు. మొదట్లో 15 వేల ఎకరాల మాట వినబడింది. జనం రోడ్డెక్కారు. అంకె తగ్గుతూ తగ్గుతూ చివరికి 2,200 ఎకరాల దగ్గర ఆగింది. ఆ నిరసన లేకపోతే ఎన్ని తోటలు పోయేవో. అయితే మిగిలిన 2,200 ఎకరాలూ దండగ అనడం కూడా సరికాదు.

లెక్క వేసి చూద్దాం. రన్‌వే పొడవు 3,800 మీటర్లు, వెడల్పు 45 మీటర్లు అనుకుంటే విమానం పరుగెత్తే నల్లటి పట్టీ 42 ఎకరాలే. కానీ అదుపు తప్పి పక్కకు ఒరిగిన విమానం గోతిలో పడకూడదు కదా. అందుకని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, ఒక నియమం పెట్టింది. రన్‌వే మధ్య గీతకు అటు 140 మీటర్లు, ఇటు 140 మీటర్లు, రెండు చివర్లా మరో 60 మీటర్ల చొప్పున నేలను ఖాళీగా ఉంచాలి. దీన్ని స్ట్రిప్ అంటారు. ఇప్పుడు లెక్క కడితే 271 ఎకరాలు అవుతుంది. ఆపైన రెండు చివర్లా భద్రతా ప్రాంతం, 900 మీటర్ల దాకా సాగే అప్రోచ్ దీపాల వరుస, ట్యాక్సీవేలు, విమానాలు నిలిపే ఏప్రాన్, ఇంధన ట్యాంకులు, అగ్నిమాపక కేంద్రం, సరుకు గిడ్డంగులు. రేపు రెండో రన్‌వే వేయాలంటే ఆ జాగా కూడా ఇప్పుడే పట్టి ఉంచాలి. ఊరు కమ్ముకున్నాక అంగుళం దొరకదు. హోటళ్లకు, వాణిజ్య భవనాలకు ఎంత పోతోందని నిలదీయడం మాత్రం ప్రజల హక్కు. ఆ లెక్క ఎకరాల వారీగా అడగాలి.

అపోహ: నేల చదునుగా ఉంటే రన్‌వే ఎటువైపైనా, ఎంత పొడవైనా వేసుకోవచ్చు.

రన్‌వే దిక్కును తేల్చేది గాలి. విమానం ఎదురుగాలిలో ఎక్కుతుంది, ఎదురుగాలిలో దిగుతుంది. అడ్డగాలి హద్దు మీరితే దిగనివ్వరు. ఏళ్ల తరబడి నమోదైన గాలి వివరాలు ముందేసుకుని, కనీసం 95 శాతం సమయం వాడుకోవడానికి వీలయ్యే దిక్కును ఎంచుకోవాలని ఐకావో సూచన. రన్‌వే చివర రాసే అంకె ఆ దిక్కునే చెబుతుంది. శంషాబాద్‌లో 09, 27 అని ఉంటాయి. అంటే దిక్సూచిలో సుమారు 90, 270 డిగ్రీలు, తూర్పు పడమరలన్నమాట.

పొడవును తేల్చేవి ఎత్తు, ఎండ. గాలి పలచబడితే రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు బలం తగ్గుతుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు 7 శాతం, ప్రామాణిక ఉష్ణోగ్రత దాటిన ప్రతి డిగ్రీకి 1 శాతం పొడవు పెంచమంటుంది స్థూల సూత్రం. శంషాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 617 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ప్రామాణిక ఉష్ణోగ్రత 11 డిగ్రీలు. మే నెల ఎండ 39 డిగ్రీలు అనుకుంటే, సముద్రం ఒడ్డున చల్లని చోట 2,500 మీటర్లు చాలే విమానానికి శంషాబాద్‌లో దాదాపు 3,660 మీటర్లు కావాలి. తేడా అంత ఎక్కువైనప్పుడు విమానాల వారీగా విడిగా అధ్యయనం చేయించాలి. శంషాబాద్ ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు ఉండడం గొప్ప కోసం కాదు.

అపోహ: రన్‌వేలు రెండుంటే విమానాలు రెట్టింపవుతాయి.

వాటి మధ్య చాలినంత ఎడం ఉంటేనే. రెండింటి మీదా ఏకకాలంలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విమానాలు దిగాలంటే కిలోమీటరుకు పైగా దూరం ఉండాలి. ముంబయిలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. ఒకేసారి రెండూ వాడలేరు.

అపోహ: కట్టేది ప్రైవేటు సంస్థ, ప్రజలకు పైసా ఖర్చు లేదు.

శంషాబాద్‌కు అప్పటి రాష్ట్ర ప్రభుత్వం దాదాపు 5,500 ఎకరాలు లీజుకిచ్చింది. రూ. 315 కోట్లు వడ్డీ లేని రుణంగా, రూ. 107 కోట్లు గ్రాంటుగా సమకూర్చింది. పాత బేగంపేట విమానాశ్రయాన్ని వాణిజ్య విమానాలకు మూసేసింది కూడా ఆ ఒప్పందం ప్రకారమే. ఇక టికెట్టులో యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు పేరుతో మనం కట్టేది వేరు. ఆ ఫీజు ఎంతో తేల్చేది విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ ఎయిరా. పెట్టిన పెట్టుబడి మీద రాబడిని లెక్కలోకి తీసుకునే ఖరారు చేస్తుంది. అంటే టెర్మినల్ హంగుల ఖర్చు తిరిగి తిరిగి ప్రయాణికుడి మీదికే వస్తుంది. డిజైన్ ఖరారయ్యే రోజునే అడగాల్సిన ప్రశ్న ఇది. ఎవరూ అడగరు.

అపోహ: భూమి ఇచ్చినవాళ్లంతా కోటీశ్వరులయ్యారు.

భోగాపురం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లకు ఊళ్లే కదిలాయి. 2013 భూసేకరణ చట్టం కింద పరిహారానికి ఆధారం బయట చెప్పుకునే ధర కాదు, రిజిస్టరైన క్రయ పత్రాల్లో కనిపించే ధర. పల్లెల్లో తక్కువ ధరకు రాయించుకునే అలవాటు ఉంది కాబట్టి ఆధారమే చిన్నదవుతుంది. దాని మీద గుణకం, ఆపైన నూరు శాతం సొలేషియం (ఊరట సొమ్ము) కలిపినా, పక్కన వేసిన వెంచర్‌లో గజం ధర చూసినవాడి కడుపు రగలక మానదు.

పట్టా ఉన్నవాడి సంగతి ఇది. జీడితోటలో పిక్కలు ఏరిన ఆడకూలీ, కొబ్బరి దింపినవాడు, సరుగుడు కొట్టినవాడు, కౌలుకు చేసినవాడు? సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతికిన కూలీలను, కౌలుదారులను కూడా బాధిత కుటుంబాలుగా చట్టం గుర్తిస్తుంది. కానీ కౌలు నోటిమాట మీద నడిచే చోట రుజువు ఎక్కడి నుంచి తెస్తారు? జాబితా రాసే రోజున ఊళ్లో లేనివాడి పేరు ఎక్కదు. ఎయిర్‌పోర్టు రావాలని మనస్ఫూర్తిగా కోరుకునేవాళ్లు ముందుగా పట్టించుకోవాల్సింది ఈ జాబితానే.

అపోహ: ఎయిర్‌పోర్టు పక్కన స్థలం కొంటే ఎన్ని అంతస్తులైనా లేపొచ్చు.

పక్కనున్న కొద్దీ ఎత్తు తగ్గుతుంది. విమానాలు దిగే దారి కింద 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఊహాతలం పైకి లేస్తుంది, కట్టడాలు దాన్ని దాటకూడదు. స్ట్రిప్ అంచు నుంచి కిలోమీటరు దూరంలో దొరికేది 20 మీటర్లే. అంతస్తుకు మూడు మీటర్ల లెక్కన ఆరంతస్తులు. అందులోనే నీళ్ల ట్యాంకు, లిఫ్ట్ గది, సెల్ టవర్ కూడా ఇమడాలి. అనుమతి పత్రంలో రాసే ఎత్తు సముద్ర మట్టం నుంచి కొలిచినది కాబట్టి మెరక స్థలం కొన్నవాడికి అంతస్తులు ఇంకా తగ్గుతాయి. పైగా 10 కిలోమీటర్ల లోపల పక్షులను రప్పించే చెత్త కుప్పలు, బహిరంగ పశువధ నిషేధం. స్థలం కొనేముందు బ్రోచర్ పక్కన పెట్టి, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రంగుల మ్యాప్‌లో ఆ సర్వే నంబరు ఏ రంగులో ఉందో చూడండి.

అపోహ: అంతర్జాతీయ హోదా వస్తే మర్నాటి నుంచే దుబాయ్, సింగపూర్ విమానాలు.

గన్నవరం విమానాశ్రయానికి 2017లో ఆ హోదా వచ్చింది. సింగపూర్ విమానం 2018 డిసెంబరులో గానీ ఎగరలేదు. అదీ కొన్ని నెలలకే ఆగింది. హోదా వస్తే కస్టమ్స్, ఇమిగ్రేషన్ కౌంటర్లు వస్తాయి. విదేశీ సంస్థ దిగాలంటే రెండు దేశాల ఒప్పందంలో ఆ ఊరి పేరు ఉండాలి, వారానికి ఇన్ని సీట్లన్న కోటా మిగిలి ఉండాలి. సీట్లు నిండుతాయన్న నమ్మకం విమాన సంస్థకు కలగాలి. గల్ఫ్‌లో పనిచేసే శ్రీకాకుళం కుర్రవాడు హైదరాబాద్ చుట్టూ తిరగకుండా నేరుగా ఇంటికి రావాలంటే, టెర్మినల్ కోసం పట్టుబట్టినంత గట్టిగా ఆ సీట్ల కోసం ఢిల్లీలో పట్టుబట్టాలి.