చలిగదిలో పెడితే విత్తనం పదిలమేనా?

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులో 1972 నుంచి పనిచేస్తున్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఒక జన్యు బ్యాంకు ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగలతో పాటు రాగి, కొర్ర వంటి ఆరు చిరుధాన్యాల విత్తన నమూనాలు అక్కడ లక్షా ఇరవై వేలకు పైగా ఉన్నాయి. అవి 140కి పైగా దేశాల పొలాల నుంచి వచ్చినవి. ఇంత సంపద మన గడ్డ మీదే ఉన్నా, దాన్ని కాపాడే శాస్త్రవేత్తలు చేసే పనేమిటో మనలో చాలామందికి సరిగ్గా తెలియదు. తెలియకపోవడం ఒక ఎత్తయితే, తప్పుగా తెలిసి ఉండడం ఇంకో ఎత్తు. ఆ తప్పుల్లో తరచూ వినిపించేవి ఇవి.

అపోహ: విత్తనాన్ని ఎండబెట్టి చలిగదిలో పెట్టేస్తే చాలు, ఇక దానితో పని ఉండదు.

వాస్తవం: అసలు పని అక్కడే మొదలవుతుంది. విత్తనానికి ప్రాణం ఉంది. ఎంత చలిలో దాచినా అది నెమ్మదిగా ముసలిదవుతూనే ఉంటుంది. ఆ వయసును వీలైనంత వెనక్కి నెట్టడమే శాస్త్రవేత్తల ప్రయత్నం. ముందు 15 డిగ్రీల వేడి, 15 శాతం గాలి తేమ ఉండే గదిలో రోజుల తరబడి ఆరబెడతారు. ఎండలో పోస్తే పని తొందరగా అవుతుంది గానీ మొలక దెబ్బతింటుంది. బాగా ఆరిన గింజలను అల్యూమినియం రేకు సంచుల్లో గాలి చొరకుండా మూసి, సున్నాకు 20 డిగ్రీల దిగువన దాస్తారు. అడిగినవారికి పంపడానికి మరికొంత విత్తనాన్ని 4 డిగ్రీల గదిలో విడిగా ఉంచుతారు.

ఆ తర్వాత కొన్నేళ్లకోసారి ప్రతి నమూనా నుంచీ కొన్ని గింజలు తీసి, తడికాగితం మీద మొలకెత్తించి లెక్కపెడతారు. మొలక శాతం 85 కన్నా తగ్గిందంటే ఆ విత్తనాన్ని మళ్లీ పొలంలో వేసి, కొత్త గింజ పండించుకోవాలి. ఇదే అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. సజ్జ పుప్పొడి గాలికి ఎగిరిపోతుంది. పక్క మడిలోని ఇంకో దేశపు సజ్జతో ఒక్కసారి కలిసిందంటే ఆ నమూనా పేరుకే మిగులుతుంది, దాని ప్రత్యేకత పోతుంది. అందుకే కీలాగ్రాలు బయటపడకముందే పక్కపక్క మొక్కల కంకులను దగ్గరకు చేర్చి ఒకే కాగితపు సంచిలో కడతారు. కందికి తేనెటీగల బెడద ఉంది కాబట్టి దాన్ని పురుగు దూరని వల కింద పెంచుతారు. పదో పదిహేనో మొక్కలు వేసి సరిపెట్టుకుందామంటే కుదరదు, అరుదైన జన్యువులు ఆ కొద్దిపాటి మొక్కల్లోకి రాకుండానే జారిపోతాయి. ఇన్ని వేల నమూనాలకు, ఏడాది తర్వాత ఏడాది, పేరు తారుమారు కాకుండా ఈ పని చేసే క్షేత్ర సిబ్బందిని కూడా శాస్త్రవేత్తలతో సమానంగా గౌరవించాలని నా నమ్మకం.

అసలు చలిగదికే పనికిరాని పంటలూ ఉన్నాయి. మామిడి టెంకను, పనస గింజను, కొబ్బరికాయను ఆరబెడితే చచ్చిపోతాయి. వాటిని తోటలుగానే బతికించాలి. గింజ లేని అరటిని గాజు గొట్టాల్లో చిన్న పిలకలుగా పెంచుతారు. ప్రపంచంలోని అరటి రకాల అతిపెద్ద సేకరణ అరటి పండని బెల్జియంలో, లూవెన్ విశ్వవిద్యాలయంలో ఇలాగే ఉంది.

అపోహ: దిగుబడి లేని పాత రకాలను దాచడం దండగ.

వాస్తవం: పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ వరి తూర్పు భారతమంతా పాకింది. అయితే వరద నీటిలో పూర్తిగా మునిగితే అది తట్టుకోలేదు. తట్టుకునే గుణం ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే పాత రకంలో దొరికింది. దాని దిగుబడి తక్కువ, బియ్యమూ నాసి. పొలాన్ని చూసి అంచనా వేస్తే దాన్ని ఎవరూ దాచరు. దానిలోని ఆ ఒక్క గుణాన్నీ స్వర్ణలోకి తెచ్చి, 2009లో స్వర్ణ సబ్‌-1గా విడుదల చేశారు. ఇది దాదాపు రెండు వారాలు నీట మునిగినా తేరుకుంటుంది.

ఇంకో ఉదాహరణ ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థది. సుడిదోమ మోసుకొచ్చే ఒక వైరస్ ఆసియా వరిని గిడసబార్చేస్తున్న రోజుల్లో అక్కడ 6 వేలకు పైగా నమూనాలను పరీక్షించారు. తట్టుకున్నది ఒకే ఒక్కటి. అది ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన, గింజ రాలిపోయే ఒక అడవి వరి. దాని నిరోధక శక్తిని వారసత్వంగా అందుకున్న ఐఆర్‌ 36 రకం 1976లో వచ్చి, లక్షల హెక్టార్లలో పండింది. ఏ గింజ ఎప్పుడు అక్కరకొస్తుందో ముందుగా చెప్పగలిగినవారు లేరు.

అపోహ: జన్యు బ్యాంకు అంటే జన్యుమార్పిడి పంటలు తయారుచేసే చోటు.

వాస్తవం: రెండింటిలోనూ ‘జన్యు’ అన్న మాట ఉంది, అంతవరకే. జన్యు బ్యాంకు పని సేకరించడం, కాపాడడం, గుణగణాలు పరిశీలించడం, అడిగినవారికి ఇవ్వడం. అక్కడి విత్తనంతో కొత్త వంగడాలు ఎక్కువగా మామూలు సంకరంతోనే పుడతాయి. మనం సన్నబియ్యంగా తినే బీపీటీ 5204, అంటే సాంబా మసూరి, 1986లో బాపట్ల నుంచి వచ్చింది. దానికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద శాపం. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరం ద్వారా దానిలోకి చేర్చి, 2008లో మెరుగుపరచిన సాంబా మసూరిని అందించాయి. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరిది. ఇందులో జన్యుమార్పిడి లేదు. ప్రతి తరంలోనూ ఏ మొక్కలో ఆ జన్యువులున్నాయో ప్రయోగశాలలో పరీక్షించి, వాటినే ఎంచుకుంటూ పోయారు.

అపోహ: మన పంటలకు మన విత్తనాలు చాలు. పరాయి దేశంలో దాచిన మన విత్తనం వాళ్ల సొంతమైపోతుంది.

వాస్తవం: అనంతపురం రైతు బతుకు ముడిపడిన వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. రెండు అడవి జాతుల కలయికతో పుట్టిన పంట కావడంతో దానిలో వైవిధ్యం తక్కువ. ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లను తట్టుకునే బలం సాగు రకాల్లో అరుదు. బొలీవియాలో సేకరించిన ఒక్క అడవి వేరుశనగ నమూనాతో చేసిన సంకరాల నుంచి ఆ బలం క్రమంగా 30 దేశాల రకాల్లోకి చేరిందని జన్యు విశ్లేషణలో తేలింది. ఇచ్చిపుచ్చుకోవడం ఆగి ఉంటే ఆ మేలు బొలీవియా దాటేది కాదు.

ఇక దాచిన విత్తనం పరాయిదైపోతుందన్న భయం సంగతి. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో కొండను తొలిచి కట్టిన విత్తన నిధి 2008లో తెరుచుకుంది. అక్కడ పెట్టిన పెట్టెను పెట్టినవారు తప్ప ఇంకెవరూ తెరవడానికి వీల్లేదు. ఇక్రిశాట్ కూడా లక్షకు పైగా నమూనాల నకళ్లు అక్కడ దాచింది. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి వ్యవసాయ పరిశోధన సంస్థ ఇకార్డా తన జన్యు బ్యాంకుకు దూరమైనప్పుడు, 2015లో తన పెట్టెలు తానే వెనక్కి తీసుకుని లెబనాన్, మొరాకోల్లో విత్తి పెంచింది. 2017 నుంచి కొత్త గింజను తిరిగి స్వాల్‌బార్డ్‌కు చేర్చింది.

ఇలా దాచిన విత్తనాల కోసం ప్రాణాలిచ్చినవారూ ఉన్నారు. 1941 నుంచి 1944 దాకా జర్మన్ సేనల ముట్టడిలో లెనిన్‌గ్రాడ్ ఆకలితో మాడుతుంటే, అక్కడి విత్తన సేకరణను కాపాడిన అలెగ్జాండర్ షుకిన్, ద్మిత్రీ ఇవనోవ్ తిండి లేక చనిపోయారు. షుకిన్ సంరక్షణలో వేరుశనగ ఉంది, ఇవనోవ్ సంరక్షణలో వరి ఉంది. వాళ్లు వాటిని తినలేదు. ఆ సేకరణను పోగుచేసిన నికొలాయ్ వావిలోవ్ 1943లో సరతోవ్ జైలులో మరణించాడు.

అపోహ: శాస్త్రవేత్తలు దాచారు కాబట్టి రైతులు ఇక పాత రకాలు వేయనక్కర్లేదు.

వాస్తవం: రేకు సంచిలో ఉన్న గింజ తాను వచ్చిన ఏడాది దగ్గరే ఆగిపోతుంది. పొలంలో ఉన్నది ప్రతి ఏటా కొత్త ఎండకూ కొత్త తెగులుకూ సర్దుకుంటుంది. రెండూ కావాలి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు వర్షాధార చెలకల్లో ఒకే మడిలో ఎన్నో పంటలు కలిపి వేసి, విత్తనం ఇంట్లోనే దాచుకుంటారు. ఏటా పాత పంటల జాతరలో ఆ విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతారు. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

జన్యు బ్యాంకుకు రైతుల అవసరం ఇంకో రకంగానూ ఉంది. గింజ ఏ ఊళ్లో దొరికింది, ఎర్రనేలదా నల్లరేగడిదా, గటకకు బాగుంటుందా రొట్టెకా, వాన ఆలస్యమైతే ఎలా వస్తుంది అన్న వివరాలు సేకరణ రోజునే రాసుకోకపోతే, తర్వాత ఏ పరికరంతోనూ తెలుసుకోలేం. వాటిని చెప్పగలిగేది ఆ గింజ పండించిన మనిషి ఒక్కరే. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం విత్తనాన్ని దాచుకునే, మళ్లీ విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కును రైతుకు ఇచ్చింది. అంతేకాదు, తరతరాలుగా కాపాడుకొస్తున్న రకాన్ని తమ రకంగా నమోదు చేయించుకునే వీలు కూడా ఆ చట్టంలో ఉంది.