బావుల్ పాట వింటే గుండె ఏమంటుంది?

కోల్‌కతాకు వచ్చే లోకల్ రైళ్లలో ఏక్‌తారా మీటుతూ బావుల్ గాయకులు పాడుతుంటారు, మన పల్లెల్లో తంబుర పట్టి తత్వాలు పాడినట్టే. ఆ పాటలు వింటే మనసు కుదుటపడుతుందంటారు. మరి గుండె మాటేమిటి?

ఆరోగ్యకరమైన గుండె గడియారంలా కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు దాని వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను ఈసీజీతో కొలవవచ్చు. గుండెకు కళ్లెం వేసేది వేగస్ నాడి. నిమిషానికి ఆరుసార్లే నిదానంగా ఊపిరి తీస్తే ఈ హెచ్చుతగ్గులు మరింత స్పష్టమవుతాయి.

సంగీతం కూడా ఊపిరిని, గుండెను కదిలిస్తుంది. ఇటలీకి చెందిన లూసియానో బెర్నార్డి బృందం 24 మందికి ఆరు రకాల సంగీతం వినిపించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. లయ వేగంగా ఉంటే శ్వాస, గుండె వేగం, రక్తపోటు పెరిగాయి. శ్రోత అభిరుచి కన్నా లయ వేగమే ఎక్కువ ప్రభావం చూపింది. మధ్యలో రెండు నిమిషాలు సంగీతం ఆపితే గుండె వేగం, రక్తపోటు మొదటి స్థాయికన్నా తగ్గాయి.

అందుకే జానపదమంతా గుండెకు ఒకే మందు కాదు. నిదానంగా సాగే బావుల్ పాట గుండెను నెమ్మదింపజేయవచ్చు. డుగ్గీ దరువు పెరిగి గాయకుడు చిందేస్తే అదే గుండె ఉరకలేయవచ్చు. బీపీ మాత్రలు వాడేవారు పాటను నమ్మి వాటిని మానకూడదు. మాత్ర వేసుకుని పాట వినవచ్చు. పాట ఆగాక కాసేపు మౌనంగా కూర్చోవడమూ మంచిదే.