పడుగు తెగినా ఆగని మగ్గం

"రోజుకు వందమందిని చూసి ఫీజు తీసుకునే డాక్టరుకు అలుపేమిటండీ? వారం రోజులు ఊరికెళ్ళి పడుకుంటే అదే పోతుంది కదా!"

కోవిడ్ కాలంలో ఫ్యామిలీ డాక్టర్లు లోలోపల ఎలా కుంగిపోయారో ఎప్పుడు రాసినా నాకు ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంది. కిందటిసారి అడిగినాయన మహారాష్ట్రలోని భివండీలో, కామత్‌ఘర్ పేటలో ముప్పయ్యేళ్ళు సాంచాలు (పవర్‌లూమ్‌లు) నడిపిన ఆసామి. కష్టం తెలియని మనిషి కాడు. అందుకే ఆయన మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయనకు తెలిసిన మగ్గంతోనే జవాబు చెబుతాను.

పాతరకం సాదా పవర్‌లూమ్‌లో పేక తెగితే మగ్గం తనంతట తానే ఆగుతుంది. నాడె అటూ ఇటూ పరిగెత్తేటప్పుడు పేక పోగు ఉందా లేదా అని అంచు దగ్గర ఒక చిన్న ఫోర్కు తడిమి చూస్తుంటుంది. పోగు తగలకపోతే మగ్గం నిలిచిపోతుంది. కండె మార్చి మళ్ళీ నడపొచ్చు. పడుగుకు మాత్రం ఈ కాపలా ఉండదు. కొత్త మగ్గాల్లో ప్రతి పడుగు పోగుకూ ఒక సన్నటి ఇనుపరేకు వేలాడదీస్తారు. పోగు తెగగానే రేకు జారిపడి మగ్గం ఆగుతుంది. సాదా మగ్గానికి అదీ లేదు. పడుగులో ఒక పోగు తెగినా మగ్గం అదే చప్పుడుతో నడుస్తుంది. తెగిన కొస పక్క పోగులకు చుట్టుకుని వాటినీ తెంపుతుంది. నాలుగు మగ్గాల మధ్య తిరుగుతున్న కార్మికుడి కన్ను పడేసరికి బారెడు బట్ట పాడైపోయి ఉంటుంది.

జ్వరం పేక తెగడం లాంటిది. మనిషి పడిపోతాడు, అందరికీ తెలుస్తుంది. బర్న్‌అవుట్ అంటే పడుగు తెగడం. డాక్టరు రోజూ వేళకు వస్తాడు, స్టెతస్కోపు పెడతాడు, మందులు రాస్తాడు. ఏ తేడా పైకి కనపడదు.

ఈ మాటను వైద్యుల మధ్యకు తెచ్చినవాడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. న్యూయార్క్‌లో పేదల కోసం నడిచే ఉచిత క్లినిక్‌లో పనిచేస్తూ, ఇష్టంగా చేరిన మనుషులు ఏడాది తిరిగేసరికి ఎందుకు ఎండిపోతున్నారని ఆలోచించి 1974లో రాశాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్ దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేసింది. ఆమె లెక్కలో దీనికి మూడు పోగులు: మనసు పూర్తిగా అలసిపోవడం, ఎదుటి మనిషి మనిషిగా కనపడకపోవడం, తాను చేసేదానికి విలువ లేదనిపించడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని రోగాల కింద కాక, పనిచేసే చోటు నుంచి పుట్టే స్థితిగా నమోదు చేసింది. ఆసామి గారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. లోపం మగ్గానికి ఉందంటున్నారు, పోగుకు కాదు.

మొదటి పోగు సంగతి చెప్పనక్కరలేదు, అలసట అందరికీ తెలుసు. రెండోదే ఎవరికీ అర్థం కాదు.

కామత్‌ఘర్, పద్మానగర్ పేటల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలున్నాయి. అలాంటి పేటలో డాక్టరు అంటే మందులిచ్చే మనిషి మాత్రమే కాదు. మరాఠీ, హిందీ పట్టుబడని ముసలమ్మ "పానం బాగలేదు బిడ్డా, కాళ్ళు గుంజుతున్నయ్" అంటే ఆమె ఇంటి సంగతంతా ఎరిగి వినేవాడు. పైగా ఇది మగ్గాల ఊరు. దూదిధూళి పీల్చిన ఛాతీలో దగ్గు ఇక్కడ మామూలు. సెలవు గడిచి పనిలోకి దిగిన మొదటి రోజు అది ఎక్కువవుతుంది. ధూళిదగ్గేదో, క్షయదగ్గేదో పోల్చుకోవడానికి డాక్టరుకు ఏళ్ళ పరిచయమే సగం పరీక్ష.

2020 మార్చి 25న లాక్‌డౌన్‌తో మగ్గాలన్నీ ఆగాయి. కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసిందీ ఆ రోజే. ఫోనులో వైద్యం సక్రమమైంది, అవసరం కూడా. కానీ డాక్టరు చేతిలోంచి నాడి, వీపు మీది స్టెతస్కోపు, ముసలమ్మ ముఖం ఒక్కసారిగా జారిపోయాయి. వాటి స్థానంలో ఆక్సీమీటరు ఫొటోలు, స్కానింగు రిపోర్టులు, అర్ధరాత్రి వాట్సాప్‌లో "సార్, 91 ఉంది" అన్న మెసేజీలు వచ్చిపడ్డాయి. ఊళ్ళోని ఇందిరా గాంధీ ప్రభుత్వాసుపత్రిని కోవిడ్‌కు కేటాయించడంతో మామూలు బీపీ, షుగరు రోగులూ చిన్న క్లినిక్‌ల మీదే పడ్డారు. ప్రతి దగ్గూ అనుమానమే, ప్రతి అనుమానమూ భయమే. అంత భయాన్ని రోజూ లోపలికి తీసుకున్న మనసు తనను కాపాడుకోవడానికి తలుపు మూసుకుంటుంది. ముసలమ్మ పేరు పోయి "91 కేసు" మిగులుతుంది. విన్నవాళ్ళు డాక్టరుకు పొగరెక్కిందంటారు. అది పొగరు కాదు, తెగిన పోగు పక్క పోగులకు చుట్టుకోవడం. అప్పటిదాకా ఎవరి మంచికోసం ఆ పని చేశాడో ఆ మనుషులే దూరమైతే పనిలో ఇంకేం మిగులుతుంది?

మూడో పోగును తెంపడంలో మన చెయ్యి కూడా ఉంది. హస్తవాసి అని మనకొక నమ్మకం. "ఆయన హస్తవాసి మంచిది" అని ఊరంతా ఒకే క్లినిక్‌కు పోతుంది. రోగం తగ్గేది మందు వల్ల, రోగి ఒంటి శక్తి వల్ల, సరైన వేళకు పట్టుకోవడం వల్ల. అరచేతి అదృష్టంతో దానికి సంబంధం లేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ దొరకక, ఆసుపత్రిలో మంచం దొరకక మనుషులు పోయినప్పుడు ఈ నమ్మకం తిరగబడింది. మెచ్చుకున్న నోళ్ళే హస్తవాసి పోయిందన్నాయి. తన చేతిలో లేని చావుకు తన చెయ్యే కారణమన్న మాట విన్న మనిషి మర్నాడు క్లినిక్ షటరు ఎత్తడం ఎంత కష్టమో ఊహించండి. హస్తవాసిని మెప్పుగా కూడా వాడొద్దని నా విన్నపం.

మరి సెలవు పెడితే పోదా? 2017లో మాంచెస్టర్ పరిశోధకులు 19 అధ్యయనాలను కలిపి చూశారు. డాక్టరుకు ధ్యానం, ఓర్పు నేర్పే పద్ధతులు కొంత ఉపశమనమిచ్చాయి. పనివేళలను, పనితీరును మార్చిన చోట ఫలితం అంతకన్నా మెరుగ్గా ఉంది. అయితే పెద్ద ఆసుపత్రిలో పనివేళలు మార్చడానికి యాజమాన్యం ఉంటుంది. పేటలోని క్లినిక్‌కు డాక్టరే యజమాని, డాక్టరే కార్మికుడు. మహా అయితే ఒక కాంపౌండరు ఉంటాడు. మగ్గం ఆపమని చెప్పేవారు లేరు, ఆపితే తిట్టేవారున్నారు.

ఆపితే శిక్షిస్తామన్నవారూ ఉన్నారు. భివండీ ఉన్న ఠాణే జిల్లాలోనే, నవీ ముంబైలో 2020 మార్చి 31న మునిసిపల్ కార్పొరేషన్ ప్రైవేటు క్లినిక్‌లు తెరవాల్సిందేనని నోటీసులిచ్చింది. అలా తెరిచిన ఒక డాక్టరు జూన్‌లో కోవిడ్‌తో పోయాడు. కోవిడ్ విధుల్లో పోయిన ఆరోగ్య సిబ్బందికి కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమా కోసం ఆయన భార్య అడిగితే, ప్రభుత్వం ఆయన సేవలను కోవిడ్ విధికి తీసుకోలేదు కనుక వర్తించదన్నారు. 2021 మార్చిలో బొంబాయి హైకోర్టు కూడా అదే చెప్పింది. నోటీసుకు ప్రభుత్వ మనిషి, బీమాకు పరాయి మనిషి అయ్యాడు. మొదటి వేవ్‌లోనే 700 మందికి పైగా డాక్టర్లు పోయారని భారత వైద్య సంఘం (ఐఎంఏ) చెప్పిన దేశంలో ఈ మాట ప్రతి క్లినిక్‌కూ వినపడింది. పని భారం కన్నా అన్యాయం మనిషిని త్వరగా విరుస్తుందని నేను నమ్ముతాను.

2025 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని సరిదిద్దింది. ఆనాటి చట్టాలు, ఉత్తర్వులు కలిపి చూస్తే ప్రభుత్వం డాక్టర్ల సేవలను తీసుకున్నట్టేనంది. కాకపోతే కోవిడ్ విధుల్లోనే ప్రాణం పోయిందని ప్రతి కుటుంబమూ విడిగా రుజువు చేసుకోవాలి. అయిదేళ్ళ కిందట క్లినిక్ తెరిచే ఉందని చూపడానికి వాళ్ళ దగ్గర ఏముంటుంది? కాంపౌండరు రాసిన చీటీల పుస్తకం, పాత ఫోనులో చెరిగిపోకుండా మిగిలిన ఆ అర్ధరాత్రి మెసేజీలు. "సార్, 91 ఉంది" అని మీరు పంపిన మెసేజీ మీ ఫోనులో ఇంకా ఉంటే, దాన్ని తీసేయకండి.