భుజాన్ని ఎత్తే పదకొండో నాడి

మధురవాడ నుంచి సముద్రం వైపు దిగితే జాలరి పల్లెలు. అక్కడి ఆడవాళ్లు చేపల గంపను నెత్తికెత్తుకోవాలంటే చేయి భుజం కన్నా పైకి లేవాలి. అందుకు చేతి బలం ఒక్కటే చాలదు. మెడ నుంచి వీపు దాకా పరుచుకున్న ట్రపీజియస్ కండరం రెక్క ఎముకను తిప్పి పైకి లేపాలి. ఆ కండరాన్ని కదిలించేది పదకొండో కపాల నాడి.

పన్నెండు జతల కపాల నాడుల్లో మెడలోకి దిగేవి ముఖ్యంగా చివరి నాలుగు. తొమ్మిదోది గొంతు స్పర్శను, నాలుక వెనుక భాగం రుచిని మెదడుకు చేరవేస్తుంది. పదోదైన వేగస్ స్వరపేటికకు కొమ్మలిచ్చి గుండెకు, పొట్టకు సాగిపోతుంది. పన్నెండోది నాలుకను ఆడిస్తుంది. పదకొండోదాని దారి మాత్రం విచిత్రం. మెడలోని వెన్నుపాములో పుట్టి, పుర్రెలోకి ఎక్కి, తొమ్మిది, పది నాడులతో కలిసి ఒకే రంధ్రం గుండా మళ్లీ కిందికి వస్తుంది. తల పక్కకు తిప్పినప్పుడు మెడ మీద తాడులా లేచే కండరానికి కొమ్మనిచ్చి, దాని వెనుక చర్మానికి కాస్త లోపలే సాగి ట్రపీజియస్‌ను చేరుతుంది. ఆ దారి పొడవునా లింఫు గ్రంథులే. చిక్కు అక్కడే వస్తుంది.

చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఉత్తరాంధ్ర తీరంలో, అందులోనూ ఆడవాళ్లలో, పాత అలవాటు. దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లోనే వైద్య పత్రికలో రాశారు. నోటి క్యాన్సర్లు పాకితే సాధారణంగా ముందు చేరేది మెడ గ్రంథులకు. వాటితో పాటు ఈ నాడినీ తీసెయ్యాల్సిందేనని 1951లో న్యూయార్క్ సర్జన్ హేస్ మార్టిన్ పట్టుబట్టాడు. గ్రంథులను తీసి నాడిని కాపాడవచ్చని అర్జెంటీనా వైద్యుడు ఓస్వాల్డో సువారెజ్ 1963లో రాశాడు. ప్రాణం దక్కింది కదా, భుజానిదేముంది అనేవాళ్లు గంప ఎత్తే మనిషిని తలుచుకోవాలి. ఆమెకు ఆ భుజమే బతుకుతెరువు.

గండమాల (మెడ గ్రంథుల క్షయ) అనుమానంతో మెడ పక్కనుంచి ఒక్క గ్రంథిని తీసే చిన్న ఆపరేషన్‌లోనూ ఈ నాడి తెగవచ్చు. అప్పుడు భుజం కుంగుతుంది, నొప్పి పట్టుకుంటుంది. పరీక్షించడానికి భుజాలు ఎగరేయమంటే సరిపోదు. పక్కనున్న మరో కండరం ఆ పని కొంత తాను చేసి లోపాన్ని దాచేస్తుంది. చేతిని పక్కనుంచి తల మీదికి ఎత్తమనాలి. భుజం ఎత్తు దాటి లేవకపోతే వెంటనే సర్జన్‌కు చూపించాలి. తెగిన నాడిని కుట్టడానికి మొదటి కొద్ది నెలలే మంచి అదును.